1838 అట్లాంటిక్ పందెం: ముందు చేరింది సిరియస్, మరి పేరు గ్రేట్ వెస్టర్న్‌కెందుకు?

తెరచాప (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఆవిరి ఓడల చరిత్ర మీద ఏ వ్యాసం తెరిచినా 1838 ఏప్రిల్‌ను పందెంగానే చెబుతారు. సిరియస్ అనే చిన్న ఓడ 22న న్యూయార్క్ చేరింది, మరునాడు గ్రేట్ వెస్టర్న్ వచ్చింది, ఒక్క రోజు తేడాతో ఓడిపోయింది అని రాసి ఊరుకుంటారు. ఆ లెక్క నాకు మింగుడుపడదు.

సిరియస్ ఐర్లండ్‌లోని కార్క్ నుంచి ఏప్రిల్ 4న బయలుదేరింది. గ్రేట్ వెస్టర్న్ బ్రిస్టల్ దగ్గర ఏవన్ నది ముఖద్వారం నుంచి 8న కదిలింది. ఒకటి 18 రోజులు తీసుకుంటే రెండోది పదిహేను రోజుల పైచిలుకులో వచ్చేసింది. సగటు వేగం చూస్తే సిరియస్‌ది 8.03 నాట్లు (అంటే గంటకు అన్ని నాటికల్ మైళ్లు), గ్రేట్ వెస్టర్న్‌ది 8.66 నాట్లు. అంతకన్నా ముఖ్యమైనది బొగ్గు. న్యూయార్క్‌లో లంగరు వేసేసరికి గ్రేట్ వెస్టర్న్ కొట్లలో ఇంకా 200 టన్నుల దాకా మిగిలి ఉంది. సిరియస్‌లో దాదాపు అడుగంటింది.

సిరియస్ అసలు లండన్, కార్క్ మధ్య తిరగడానికి కట్టిన 700 టన్నుల ఓడ. గ్రేట్ వెస్టర్న్‌తో పోటీకి ఒక కంపెనీ కట్టిస్తున్న బ్రిటిష్ క్వీన్, ఇంజన్లు తయారుచేసే సంస్థ దివాలా తీయడంతో ఆలస్యమైంది. మరొకరు ముందు చేరిపోతారన్న ఆదుర్దాలో ఆ కంపెనీవాళ్లు సిరియస్‌ను అద్దెకు తీసుకుని పంపారు. గ్రేట్ వెస్టర్న్ సంగతి అది కాదు. దాని రూపకర్త, ఇంజనీరు ఇసంబార్డ్ బ్రూనెల్ మొదటి గీత గీసిన రోజు నుంచీ దాన్ని ఈ సముద్రం దాటడానికే తలపెట్టాడు. నా దృష్టిలో ఈ చరిత్ర ఆ ఓడతోనే మొదలవుతుంది. మీరేమంటారు?

పడమటిగాలి

తెరచాప గారూ, మీ లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ సిరియస్‌ను అంత తేలిగ్గా తీసిపారేయకండి. నడిసముద్రంలో ఎదురుగాలులు, మంచు, వెనక్కి తిప్పమని సిబ్బంది ఒత్తిడి. అంతటిలోనూ కెప్టెన్ రిచర్డ్ రాబర్ట్స్ పట్టు వదలలేదు. అట్లాంటిక్ కోసం కట్టని ఓడను అట్లాంటిక్ దాటించడం చిన్న సంగతా? వేగం ఓడది, తెగువ మనిషిది.

బల్లలు, కుర్చీలు విరగ్గొట్టి కొలిమిలో వేశారనే కథను మాత్రం నేను నమ్మను. చివర్లో కాస్త రాళ (రెజిన్) కాల్చిన మాట వాస్తవం. బొగ్గు కూడా కొద్దిగా మిగిలింది. చెప్పుకోడానికి బాగుంటుందని ఆ కథ బతికిపోయింది.

రాబర్ట్స్ తర్వాత అదే కంపెనీ వారి ప్రెసిడెంట్ అనే పెద్ద ఓడకు కెప్టెన్ అయ్యాడు. 1841 మార్చిలో న్యూయార్క్ నుంచి బయలుదేరిన ఆ ఓడ, అందులోని 136 మంది ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. రాబర్ట్స్ కూడా అందులోనే ఉన్నాడు. ఆ దెబ్బతో కంపెనీ మూతపడింది. సిరియస్ 1847 జనవరిలో ఐర్లండ్ తీరాన, బాలికాటన్ దగ్గర రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. అందుకే ఆ ఓడ పేరు వస్తే నాకు పందెం గుర్తురాదు, ఆ మనిషే గుర్తొస్తాడు.

లెక్కల పంతులు

ఇద్దరూ చెప్పినది నిజమే. అయితే ఆ రోజుల్లో ఈ ప్రయాణం ఎందుకు అసాధ్యమనుకున్నారో చెప్పకపోతే బొగ్గు మిగలడంలోని గొప్పతనం అర్థం కాదు.

డయొనీసియస్ లార్డ్‌నర్ అని అప్పట్లో పేరున్న పండితుడు. 1836 ఆగస్టులో బ్రిస్టల్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ (శాస్త్రవేత్తల సంఘం) సమావేశాల్లో ఆయన, ఆవిరి ఓడ ఒక్క బిగిన సుమారు 2,080 మైళ్లకు మించి వెళ్లడం ఆచరణలో కుదరదని లెక్కగట్టి చూపించాడు. బ్రిస్టల్ నుంచి న్యూయార్క్ మూడు వేల నాటికల్ మైళ్లకు పైమాటే. దూరం పెరిగితే బొగ్గు పెరగాలి, బొగ్గు పెరిగితే ఓడ పెరగాలి, ఓడ పెరిగితే ఇంజన్ పెరగాలి, అది మళ్లీ ఇంకాస్త బొగ్గు తింటుంది. ఈ చక్రానికి అంతు లేదన్నది చాలామంది నమ్మకం.

బ్రూనెల్ పట్టుకున్న కీలకం ఇదీ. ఓడ పొడవు, వెడల్పు, లోతు మూడూ రెట్టింపు చేయండి. లోపల చోటు ఎనిమిది రెట్లవుతుంది. నీటికి తగిలే ఒంటి వైశాల్యం మాత్రం నాలుగు రెట్లే. నీరు అడ్డుకునే బలం ప్రధానంగా ఆ వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అదే వేగానికి కావలసిన శక్తి సుమారు నాలుగు రెట్లు, ఖర్చయ్యే బొగ్గూ సుమారు నాలుగు రెట్లే. మోయగలిగేది ఎనిమిది రెట్లు, కాల్చేది నాలుగు రెట్లు. పెద్ద ఓడకు బొగ్గు మిగలాలి తప్ప చాలకపోవడం ఉండదు. 200 టన్నులు మిగిలాయంటే అది అదృష్టం కాదు, ఆ లెక్కకు దొరికిన రుజువు.

నా విద్యార్థులకు ఘనపరిమాణం, ఉపరితల వైశాల్యం చెప్పేటప్పుడు ఈ ఓడనే ఉదాహరణగా చెబుతాను. సూత్రం వెనక ఒక నిజమైన పంతం ఉందని తెలిస్తే పిల్లలు శ్రద్ధగా వింటారు.

సుధారాణి

పంతులు గారూ, చాలా బాగా చెప్పారు. బొగ్గు కష్టానికి మన దేశపు ఉదాహరణ ఒకటి ఉంది. బొంబాయి డాక్‌యార్డులో కట్టిన హ్యూ లిండ్సే అనే 411 టన్నుల ఆవిరి ఓడ 1830 మార్చి 20న సూయజ్‌కు బయలుదేరింది. ఏడెన్ చేరడానికి పదకొండు రోజులు పట్టేది. దాని కొట్లలో పట్టే బొగ్గు అందులో సగం రోజులకే సరి. చేసేది లేక సెలూన్ అనే ప్రయాణికుల హాలులో, క్యాబిన్లలో, డెక్కు మీద ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ బొగ్గు నింపారు. అయినా ఏడెన్ చేరేసరికి కొన్ని గంటలకు సరిపడా మాత్రమే మిగిలింది. ప్రయాణికులు కూర్చోవలసిన గదిలో బొగ్గు పోస్తే ఇక అది ప్రయాణికుల ఓడ ఎలా అవుతుంది? ఎనిమిదేళ్ల తర్వాత గ్రేట్ వెస్టర్న్ ఏం సాధించిందో దీని పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంజన్‌రూమ్ (విశ్రాంత మెరైన్ ఇంజనీరు, విశాఖపట్నం)

ఇన్ని పోస్టుల్లో ఇంజన్ గది ఊసే లేదు కనుక నేను రాస్తున్నాను.

గ్రేట్ వెస్టర్న్ ఇంజన్లు లండన్‌లోని మాడ్‌స్లే, సన్స్ అండ్ ఫీల్డ్ సంస్థవి. పక్కపక్కన రెండు సైడ్ లీవర్ ఇంజన్లు. ఒక్కో సిలిండర్ వ్యాసం 73½ అంగుళాలు, స్ట్రోక్ 7 అడుగులు. అంటే సిలిండర్‌లో ఒక మనిషి చేతులు చాపి నిలబడవచ్చు. రెండూ కలిసి సుమారు 750 హార్స్ పవర్. ఓడకు రెండు పక్కలా సుమారు 28 అడుగుల పైచిలుకు వ్యాసమున్న తెడ్ల చక్రాలు. నాలుగు బాయిలర్లు. ఇక ఆవిరి పీడనం? చదరపు అంగుళానికి 5 పౌన్లు! నేను పనిచేసిన బాయిలర్ల పక్కన పెడితే అది ఉందో లేదో తెలియని పీడనం. అంత తక్కువ ఒత్తిడితో అంత బరువును నడపాలంటే సిలిండర్ అంత పెద్దది కాక తప్పదు.

రెండు కష్టాలు చెబుతాను. మొదటిది తెడ్ల చక్రం. బయలుదేరేటప్పుడు బొగ్గు నిండుగా ఉండి ఓడ లోతుగా దిగుతుంది, తెడ్లు నీటిలో మరీ మునిగి బరువుగా తిరుగుతాయి. రోజులు గడిచి బొగ్గు ఖర్చయ్యే కొద్దీ ఓడ పైకి తేలుతుంది, తెడ్లకు పట్టు తగ్గుతుంది. ప్రయాణం మొత్తంలో చక్రం సరైన లోతులో తిరిగేది కొద్ది రోజులే. ఇక సముద్రం పొంగి ఓడ పక్కకు ఒరిగితే, ఒక చక్రం గాలిలో, రెండోది పీకల్లోతు నీటిలో.

రెండోది ఉప్పునీరు. గ్రేట్ వెస్టర్న్ బాయిలర్లలోకి వెళ్లేది సముద్రపు నీరే. నీరు ఆవిరైపోతుంటే ఉప్పు లోపలే ఉండి చిక్కబడుతుంది, గోడలకు పెచ్చు కడుతుంది. అందుకని కొంత సేపటికోసారి మరిగే ఉప్పునీటిని సముద్రంలోకి వదిలి, కొత్త నీరు పట్టాలి. దాన్నే బ్లో డౌన్ అంటాం. వదిలిన ప్రతిసారీ వేడి పోతుంది, వేడితో పాటు బొగ్గు పోతుంది. సిరియస్‌కు మాత్రం శామ్యూల్ హాల్ కనిపెట్టిన కండెన్సర్ ఉంది. ఆవిరిని గొట్టాల్లోనే చల్లార్చి, అదే మంచినీటిని మళ్లీ బాయిలర్‌కు పంపుతుంది. ఆ ఒక్క విషయంలో చిన్న ఓడే ముందుంది. పడమటిగాలి గారికి ఈ మాట నచ్చుతుందనుకుంటాను.

ఇక పందెం గురించి రాసేవాళ్లు తలవని పేరు ఒకటుంది. గ్రేట్ వెస్టర్న్ చీఫ్ ఇంజనీరు జార్జ్ పియర్న్. మొదటి ప్రయాణంలో ఇంజన్లను పదిహేను రోజుల పాటు నడిపించిన మనిషి. న్యూయార్క్ చేరాక బాయిలర్లలోని నీటిని వదిలే పనిలో ఒళ్లు కాలి చనిపోయాడు. రేవులో జనం ఓడను చూసి సంబరపడుతున్న రోజులవి. మా వృత్తిలో ప్రయాణం రేవు చేరడంతో ముగియదు, బాయిలర్ చల్లారాకే ముగుస్తుంది. ఆ ఓడ గురించి రాసేటప్పుడు బ్రూనెల్ పేరు పక్కన ఆయన పేరు కూడా రాయాలి.

తెరచాప

ఇంజన్‌రూమ్ గారూ, చాలా విలువైన పోస్టు. పియర్న్ పేరు చదివాక అగ్నిప్రమాదం గురించి కూడా రాయాలనిపించింది.

1838 మార్చి 31. లండన్‌లో ఇంజన్లు బిగించుకుని గ్రేట్ వెస్టర్న్ థేమ్స్ నది మీదుగా బ్రిస్టల్ బయలుదేరింది. సిరియస్ అప్పటికి మూడు రోజుల క్రితమే లండన్ వదిలి వెళ్లిపోయింది. నది దాటకముందే, వేడి బయటికి పోకుండా బాయిలర్లకు చుట్టిన ఫెల్టు పొగగొట్టం మొదట్లో అంటుకుంది. లోపలంతా పొగ. ఓడను కావాలని ఒండ్రు మట్టిలోకి నడిపి ఆపారు. బ్రూనెల్ నిచ్చెన పట్టుకుని కిందికి దిగుతున్నాడు. మంటకు కాలిపోయిన మెట్టు కాలు పెట్టగానే విరిగింది. సుమారు ఇరవై అడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. కింద నీళ్లు చల్లుతున్న, ఓడ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ క్రిస్టఫర్ క్లాక్స్‌టన్ మీద పడ్డాడు కాబట్టి బతికాడు. ఎవరు పడ్డారో క్లాక్స్‌టన్‌కు తెలియదు. తిరిగి చూస్తే, మంటలార్పిన నీళ్లలో బోర్లా పడి ఉన్నది తన మిత్రుడే. పైకి లాగించి, కాన్వీ దీవిలో దింపి వైద్యం చేయించారు. పోటు రాగానే ఓడ తేలింది, తన దారిన బ్రిస్టల్ వెళ్లింది. తను కలగన్న ఓడ మొదటి ప్రయాణానికి బయలుదేరే వేళ దాని రూపకర్త మంచం మీద ఉన్నాడు.

మంటల వార్త పాకి టిక్కెట్లు కొన్నవాళ్లలో యాభై మందికి పైగా మానుకున్నారు. 128 మంది మొదటి తరగతి ప్రయాణికులకు చోటున్న ఓడలో న్యూయార్క్ వెళ్లింది ఏడుగురు. 75 అడుగుల పొడవున్న సెలూన్‌లో ఏడుగురు కూర్చుని భోంచేయడం ఊహించుకోండి. తిరుగు ప్రయాణంలో మాత్రం 68 మంది ఎక్కారు. నమ్మకం ఎంత త్వరగా కుదిరిందో ఆ అంకెలే చెబుతాయి.

చరిత్ర చదువరి

మొదటి ప్రయాణం దగ్గరే అందరూ ఆగిపోయారు. ఆ ఓడ తర్వాత ఎనిమిదేళ్లు ఏం చేసిందో చూడాలి. నాకు అదే అసలు విజయంగా కనిపిస్తుంది.

1838 నుంచి 1846 దాకా గ్రేట్ వెస్టర్న్ సొంత కంపెనీ కోసం 45 ప్రయాణాలు చేసింది. పడమటికి సగటున 16 రోజులు, తూర్పుకు 13 రోజుల 9 గంటలు. అదే కాలంలో తెరచాపలతో నడిచే పాకెట్ ఓడలో (టపా, ప్రయాణికులను మోసే ఓడ) న్యూయార్క్ వెళ్లాలంటే నెల రోజులకు పైమాటే, ఎప్పుడు చేరతామో గాలి దయ. వర్తకుడికి వేగం కన్నా తేదీ ముఖ్యం. ఫలానా వారంలో చేరుతుందని చెప్పి, చెప్పిన వారంలో చేరే ఓడ దొరికింది. తన రికార్డులను తనే తిరగరాసుకుంటూ పోయిందీ ఓడ. పందెంలో గెలిచినవారికి బ్లూ రిబాండ్ అంటూ తర్వాతి తరాల వాళ్లు పట్టికలు వేశారు. 1838లో అలాంటి బిరుదేమీ లేదు. తేదీకి చేరడమే అప్పటి బిరుదు.

అయితే ఇంత మంచి ఓడ ఉండి కంపెనీ ఎందుకు నిలవలేదు? బ్రూనెల్ భక్తులు ఈ ప్రశ్న దాటేస్తారు. 1838 చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం అమెరికాకు టపా మోసే కాంట్రాక్టుకు టెండర్లు పిలిచింది. బ్రిస్టల్ కంపెనీకి ఉన్నది ఒక్క ఓడ. కొత్తవి కట్టడానికి గడువు కావాలంది. హాలిఫాక్స్ నుంచి వచ్చిన శామ్యూల్ క్యునార్డ్ ఏడాదికి 55 వేల పౌన్ల మీద ఒప్పందం కుదుర్చుకున్నాడు, తర్వాత అది 60 వేలయింది. 1840 జులై 4న క్యునార్డ్ మొదటి ఓడ బ్రిటానియా లివర్‌పూల్ నుంచి బయలుదేరింది. ఒకే కొలత గల నాలుగు ఓడలు, వెనక ప్రభుత్వ సొమ్ము. ఒంటరి ఓడ ఎంత గొప్పదైనా దాన్ని తట్టుకోవడం కష్టం.

పడమటిగాలి

చదువరి గారూ, తప్పంతా టపా కాంట్రాక్టు మీదకు నెట్టడానికి నేను ఒప్పుకోను. బ్రిస్టల్ రేవు సంగతి చూడండి. గ్రేట్ వెస్టర్న్ ఊళ్లోని రేవు దాకా రాలేక నది ముఖద్వారం దగ్గరే లంగరు వేసేది. ప్రయాణికులను, సరుకును చిన్న పడవల్లో చేరవేయాలి. రేవు వాడుకోకపోయినా రుసుములు మాత్రం కట్టాలి. సొంత ఊరు తన ఓడను పోషించలేకపోయింది. చివరికి 1842 నుంచి లివర్‌పూల్‌కు నడపడం మొదలుపెట్టారు. పుట్టిన ఊరికి ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంది?

ఇంకొకటి, బ్రూనెల్ తత్వం. దీనికి జోడీగా ఇలాంటిదే మరో చెక్క ఓడ కట్టి ఉంటే 1840 నాటికి రెండు ఓడలతో నెలనెలా నడిపేవారు. ఆయన అలా చేయలేదు. ఇనుము కావాలన్నాడు, తర్వాత తెడ్ల చక్రం వద్దు ప్రొపెల్లర్ కావాలన్నాడు. ఆలోచన మారినప్పుడల్లా ఏడాది గడిచేది, డబ్బు కరిగేది. అలా కట్టిన రెండో ఓడ గ్రేట్ బ్రిటన్ 1843లో నీటిలోకి దిగింది, 1845లో గానీ ప్రయాణం మొదలుపెట్టలేదు. 1846 సెప్టెంబరు 22 రాత్రి ఐర్లండ్‌లోని డండ్రమ్ తీరాన ఇసుకలో కూరుకుపోయింది. దాని కెప్టెన్ ఎవరనుకున్నారు? గ్రేట్ వెస్టర్న్‌ను మొదటిసారి న్యూయార్క్ చేర్చిన జేమ్స్ హోస్కెనే.

ఓడను ఇసుకలోంచి లాగడానికి దాదాపు ఏడాది పట్టింది. కంపెనీ దగ్గర పైసా మిగల్లేదు. 1847లో గ్రేట్ వెస్టర్న్‌ను సుమారు 25 వేల పౌన్లకు రాయల్ మెయిల్ కంపెనీకి అమ్మేశారు.

లెక్కల పంతులు

అంత నిష్ఠూరం వద్దు పడమటిగాలి గారూ. ఇనుప ఓడ, ప్రొపెల్లర్ అనే రెండు నిర్ణయాలూ సరైనవేనని తర్వాతి ఇరవై ఏళ్లు నిరూపించాయి. కంపెనీకి నష్టం జరిగింది, నౌకా నిర్మాణానికి మాత్రం లాభమే.

పడమటిగాలి

నిజమే. కానీ వాటాదారుల సొమ్ము నౌకా నిర్మాణ శాస్త్రానికి దానమివ్వడానికి పెట్టింది కాదు కదా పంతులు గారూ. ఆ బ్రిస్టల్ వర్తకుల తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి.

శ్రావ్య (ఎం.ఏ. చరిత్ర)

ఈ చర్చ మొత్తం చదివాను, అందరికీ ధన్యవాదాలు. అమ్మేశాక గ్రేట్ వెస్టర్న్ ఏమైందో ఎవరూ రాయలేదు. ఆ ఓడ ఇప్పుడు ఎక్కడైనా ఉందా?

చరిత్ర చదువరి

లేదమ్మా. రాయల్ మెయిల్ కంపెనీ దాన్ని సౌతాంప్టన్ నుంచి వెస్టిండీస్ దారిలో నడిపింది. అక్కడా నమ్మకంగానే పనిచేసింది. క్రిమియా యుద్ధకాలంలో సైనికులను మోసింది. 1856లో లండన్‌లో, థేమ్స్ ఒడ్డున మిల్‌బ్యాంక్ దగ్గర విరగ్గొట్టారు. పందొమ్మిదేళ్ల ఆయుష్షు. ఓక్ చెక్కతో కట్టిన తెడ్ల ఓడకు అది నిండు జీవితమే. అదే సంవత్సరం, అదే నది దిగువన మిల్‌వాల్‌లో బ్రూనెల్ మూడో ఓడ గ్రేట్ ఈస్టర్న్ సగం కట్టి ఉంది.

ఆ గ్రేట్ ఈస్టర్న్‌కు మన దేశంతో సంబంధం ఉంది. ప్రయాణికుల ఓడగా నష్టాలే తెచ్చినా, సముద్రగర్భంలో టెలిగ్రాఫ్ తీగ వేయడానికి దాన్ని మించిన ఓడ లేకపోయింది. 1870లో బొంబాయి నుంచి ఏడెన్ దాకా తీగ పరిచింది అదే. సుధారాణి గారు చెప్పిన హ్యూ లిండ్సే నలభై ఏళ్ల ముందు బొగ్గు కోసం తిప్పలు పడిన దారి కూడా అదే.

బ్రిస్టల్ తెలుగు

శ్రావ్య గారికి మరికొంత సమాచారం. నేను బ్రిస్టల్‌లో ఉంటాను. గ్రేట్ వెస్టర్న్‌ను కట్టిన విలియం ప్యాటర్సన్ యార్డు ఉన్న చోట ఇప్పుడు రేవు ఒడ్డున నడకదారే ఉంది, ఓడ ఆనవాలు లేదు. కొద్ది దూరం నడిస్తే గ్రేట్ బ్రిటన్ ఉంది, అదీ తను పుట్టిన డ్రై డాక్‌లోనే (నీళ్లు తోడేసి ఓడలు కట్టే గుంత). ఫాక్‌లాండ్ దీవుల్లో దశాబ్దాల పాటు వదిలేసిన ఆ ఓడను 1970లో సముద్రం మీదుగా వెనక్కి తెచ్చారు. తేదీల విషయం విశేషంగా ఉంటుంది. గ్రేట్ వెస్టర్న్ జలప్రవేశం 1837 జులై 19, విక్టోరియా రాణి గద్దెనెక్కిన నెల లోపే. గ్రేట్ బ్రిటన్ జలప్రవేశం 1843 జులై 19. తిరిగి తన డాక్‌లోకి వచ్చింది 1970 జులై 19.

ఓడ చుట్టూ నీటి మట్టం దగ్గర గాజు పలక పరిచి, పైన పలుచగా నీళ్లు పోశారు. మెట్లు దిగి గాజు కిందికి వెళితే ఇనుప అడుగుభాగాన్ని దగ్గర నుంచి చూడవచ్చు. తుప్పు పెరగకుండా పెద్ద యంత్రాలతో అక్కడి గాలిలోని తేమను తీసేస్తుంటారు. ప్రొపెల్లర్ పక్కన నిలబడినప్పుడు పంతులు గారు, పడమటిగాలి గారు వాదించుకున్నదంతా కళ్లెదుటే కనబడుతుంది. బ్రిస్టల్ వచ్చేవాళ్లు ఓడ లోపలికి మాత్రమే వెళ్లి రాకండి, ముందు డాక్ అడుగుకు దిగండి. ఇంజన్‌రూమ్ గారూ, లోపల ఇంజన్ నమూనా నిలువెత్తున కట్టి తిప్పి చూపిస్తున్నారు. మీరు ఎప్పుడైనా ఇటు వస్తే నాకు ఇక్కడే సందేశం పెట్టండి, నేను తోడు వస్తాను.

ఇంజన్‌రూమ్

తప్పకుండా. వచ్చే వేసవిలో మా అమ్మాయి దగ్గరికి లండన్ రావాలని ఉంది. శ్రావ్యమ్మా, మీ చదువుకు కండెన్సర్ల బొమ్మలు కావాలంటే చెప్పండి, నా చేత్తో గీసినవి ఉన్నాయి, ఫొటో తీసి ఈ చర్చలోనే పెడతాను.